ఎదిగిన బిడ్డకు ఏ వైద్యం?
మాస్టారి స్మారకోపన్యాస పాఠం



ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పే మాస్టారి దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చదువు గురించి కంటే వైద్యం గురించే ఎక్కువగా అడిగేవారు. ఫలానా ఊళ్లో ఆకుపసరు పోస్తున్నారట, ఫలానా నగరంలో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తున్నారట, పాలూ గోధుమలూ మానిపిస్తే ఎవరి పిల్లాడికో మాటలు వచ్చాయట, మమ్మల్నీ చేయించమంటారా అని. ఆయన వెంటనే అవుననీ కాదనీ అనేవారు కాదు. "ఏం మారాలని చేయిస్తున్నారమ్మా?" అని అడిగేవారు. జవాబు కాగితం మీద రాసుకురమ్మనేవారు. చాలామంది మొదట రాసుకొచ్చేది ఒకే మాట: మామూలు పిల్లాడు కావాలి. మాస్టారు అది చదివి, "సరే, వచ్చే దసరాలోపు ఏం మారితే మీ ఇంట్లో అందరికీ కాస్త ఊపిరాడుతుంది?" అని మళ్లీ అడిగేవారు. రెండోసారి రాసిన కాగితంలో పిల్లవాడు కనిపించేవాడు. రాత్రి నిద్ర పట్టాలి. స్నానం తనంతట తాను చేయాలి. చెల్లెల్ని కొట్టడం తగ్గాలి. నొప్పి ఎక్కడో చూపించగలగాలి.

ఆ రెండు కాగితాల మధ్య దూరం గురించే ఈ రోజు మాట్లాడతాను. అందులోనూ పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన పిల్లల గురించి. ఆటిజం మీద మన సభల్లో ఎక్కువగా రెండు మూడేళ్ల పిల్లల మాటే వస్తుంది. త్వరగా గుర్తించండి, త్వరగా మొదలుపెట్టండి అంటాం. అది సరైన సలహానే. కానీ ఆ మాట వింటున్న పద్నాలుగేళ్ల పిల్లవాడి తల్లికి మాత్రం తన వేళ దాటిపోయిందనే వినిపిస్తుంది.

ఆమె ఇల్లు ఎలా ఉంటుందో మనకు తెలుసు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అంటూ ఏళ్ల తరబడి తిరిగారు. పన్నెండేళ్లు రాగానే చాలా సెంటర్లు పెద్దపిల్లల్ని తీసుకోలేమన్నాయి. పిల్లవాడికి మీసం వస్తోంది, బలం వచ్చింది, కోపం వస్తే ఆపడం అమ్మ వల్ల కావడం లేదు. ఆడపిల్ల అయితే నెలసరి రోజులు, బయట భద్రత. తల్లి ఉద్యోగం ఎప్పుడో మానేసింది. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు తగ్గారు. "మా తర్వాత వీడికెవరు?" అనే ప్రశ్న రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. సరిగ్గా అప్పుడే ఫోనులో ఒక వీడియో వస్తుంది: ఏ వయసు వారికైనా మా చికిత్స పనిచేస్తుంది, ఇప్పటికీ ఆలస్యం కాలేదు అని. ఆ తల్లికి ఆ మాట చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు. ఆమె ఆ నంబరుకు ఫోన్ చేస్తే అది అమాయకత్వమని నేననను. ఆ ఖాళీని మనం వదిలాం, అమ్మకందారు వచ్చి నింపాడు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. ఎదిగిన బిడ్డకు ఒక వైద్యం చేయించాలా వద్దా అని ఆలోచించేటప్పుడు అన్నిటికంటే ముందు లెక్కలోకి రావలసింది ఆ బిడ్డ గడుపుతున్న రోజు, ఆ బిడ్డ ఇష్టాయిష్టాలు. జబ్బు పేరు, మందు పేరు, మన భయం ఆ తర్వాత రావాలి.

ముందుగా ఆ వేళ దాటిపోవడం సంగతి. అయిదేళ్లలోపు మాట రాకపోతే ఇక రాదని చాలామంది నమ్ముతారు. 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటి, నాలుగేళ్ల వయసులో భాష బాగా వెనకబడి ఉన్న 535 మంది పిల్లల వివరాలను పరిశీలించింది. వాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ తర్వాతి ఏళ్లలో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలిగారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడే స్థాయికి చేరారు. దీన్లో రెండు పాఠాలున్నాయి. పిల్లలు ఎదుగుతూనే ఉంటారు, ఏ పుట్టినరోజునా ఎదుగుదల ఆగిపోదు. రెండోది, అలా దానంతటదే వచ్చిన ఎదుగుదలను అదే నెలలో మొదలుపెట్టిన మందు తన ఖాతాలో వేసుకోగలదు.

ఇది ఎంత బలంగా జరుగుతుందో సెక్రెటిన్ కథ చెబుతుంది. అది జీర్ణక్రియకు సంబంధించిన హార్మోను. అమెరికాలో కొందరు పిల్లలకు కడుపు పరీక్ష కోసం దాన్ని ఇచ్చాక ప్రవర్తన మెరుగుపడిందని 1998లో ముగ్గురు పిల్లల వివరాలతో ఒక నివేదిక వచ్చింది. టీవీలో చూపించారు. వేలాది కుటుంబాలు దానికోసం పరుగెత్తాయి. 1999 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అసలు పరీక్ష ఫలితం వచ్చింది. 60 మంది పిల్లల్లో కొందరికి సెక్రెటిన్, కొందరికి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకూ తెలియదు, పరీక్షించినవాళ్లకూ తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు కొంత మెరుగయ్యారు. ఉప్పునీటి పిల్లలు ఏమాత్రం వెనకబడలేదు. ఈ ఫలితం చెప్పాక కూడా ఆ తల్లిదండ్రుల్లో 69 శాతం మంది సెక్రెటిన్ మీద తమకింకా ఆసక్తి ఉందన్నారు.

వాళ్లను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆశతో చూసే కళ్లకు చిన్న మార్పులు ముందుగా కనబడతాయి. అందరూ బిడ్డ వైపు కొత్త ఉత్సాహంతో తిరుగుతారు, ఆ ఉత్సాహానికి బిడ్డ కూడా స్పందిస్తాడు. పైగా మనం కొత్త వైద్యం మొదలుపెట్టేది పరిస్థితి బాగా చెడిన రోజుల్లో. అంత చెడ్డ రోజులు ఎలాగూ కొంత సర్దుకుంటాయి. అందుకే ఒక ఇంటి అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా, ఇంకో ఇంటికి అది సాక్ష్యం కాలేదు.

ఇప్పుడు మన దగ్గర అమ్ముతున్న వైద్యాల్లోకి వస్తాను. అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. హాని లేనివి ఉన్నాయి, ఖర్చు మాత్రమే చేయించేవి ఉన్నాయి, ప్రాణాల మీదకు తెచ్చేవి ఉన్నాయి.

మొక్కులు, తాయెత్తులు, అమ్మమ్మ చేయించే పూజలు ఇంటికి ధైర్యం ఇస్తే ఇవ్వనివ్వండి. అవతల బిడ్డ వేసుకుంటున్న మూర్ఛ మాత్ర ఆపించనంతవరకు నాకు వాటితో తగాదా లేదు. కానీ నోట్లోకి వెళ్లేదాని సంగతి వేరు. మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. వసలో ఉండే బీటా అసరోన్ వల్ల జంతువుల్లో కణుతులు వచ్చాయని తేలి, 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. పాపాయికి ఒకసారి చిటికెడు నాకించడం వేరు, పన్నెండేళ్ల పిల్లవాడికి నెలల తరబడి చెంచాలతో పట్టడం వేరు. భస్మాల సంగతీ అంతే. 2004లో జామా పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, బోస్టన్ దుకాణాల్లో కొన్న దక్షిణాసియా తయారీ ఆయుర్వేద మందులు 70లో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించింది. సీసం ఎదిగే మెదడుకు చేసే హాని గురించి వైద్యంలో రెండో అభిప్రాయం లేదు.

ఒకవైపు లోహాలు ఉన్న మందు మింగిస్తారు, మరోవైపు ఒంట్లో లోహాలు పేరుకున్నాయంటూ వాటిని తీసేసే కీలేషన్ చేయిస్తారు. ఆటిజానికి పాదరసం కారణమన్న వాదం మీద పుట్టిన చికిత్స అది. ఆ వాదం నిలబడలేదు. 2005 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అయిదేళ్ల ఆటిజం బాలుడికి కీలేషన్ కోసం ఈడీటీఏ మందు నరంలోకి ఎక్కించారు. రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగి ఆ బిడ్డ చనిపోయాడు. ఆ పసివాడిని తీసుకెళ్లినవాళ్లు వాడి బాగు కోరే తీసుకెళ్లారని మరిచిపోకండి. ప్రేమ ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పదు.

హైపర్‌బారిక్ ఆక్సిజన్ అని ఒకటి. గట్టి పీడనంలో, మూసిన గదిలో గంటలకొద్దీ ఉంచి ఆక్సిజన్ పీల్పిస్తారు. లోతు నీళ్లలోంచి వేగంగా పైకి వచ్చి జబ్బుపడిన డైవర్లకు, కొన్ని మానని పుండ్లకు అది మంచి వైద్యమే. ఆటిజానికి దాన్ని తాము ఆమోదించలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరించింది. శబ్దాన్ని, మూసిన చోటును భరించలేని పిల్లవాడికి ఆ గది ఎలా ఉంటుందో కూడా ఒక్కసారి ఆలోచించండి.

అన్నిటికంటే ఎక్కువ ఖర్చుతో అమ్ముడవుతున్నది స్టెమ్ సెల్ చికిత్స. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, దాన్లోని కణాలను వెన్నులోకి ఎక్కిస్తారు. బిడ్డకు మత్తు ఇవ్వాలి, లక్షల రూపాయలు కట్టాలి, రెండోసారి మూడోసారి కూడా రమ్మంటారు. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధుల్లాంటి ఆమోదిత అవసరాలకు తప్ప, స్టెమ్ సెల్స్‌ను క్లినికల్ ట్రయల్‌కు బయట వాడకూడదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం కూడా ఆటిజానికి దీన్ని సిఫారసు చేయబోమని చెప్పింది. ట్రయల్ అంటే రోగి దగ్గర డబ్బు తీసుకుని చేసే వైద్యం కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం 180 మంది పిల్లలకు బొడ్డుతాడు రక్తంతో చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన కొలమానంలో, అంటే కలివిడితనంలో, వట్టి ద్రావణం ఎక్కించిన పిల్లలతో పోలిస్తే తేడా రాలేదు. ఆ పరీక్షలోని పిల్లలంతా 2 నుంచి 7 ఏళ్లవారు. మీ పదహారేళ్ల అబ్బాయికి పనిచేస్తుందని చెప్పేవాళ్లు ఏ ఆధారంతో చెబుతున్నారో అడగండి.

పథ్యం సంగతికి వస్తే, గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని బలమైన రుజువు లేదు. గోధుమ మానడం మన అన్నం ఇళ్లలో పెద్ద కష్టం కాదు. పెరుగు మానడమే కష్టం. చాలామంది ఆటిజం పిల్లలు తినేవే నాలుగైదు రకాలు. వాటిలో పెరుగన్నం ఒకటైతే, దాన్ని తీసేయడం అంటే ఎదిగే ఎముకలకు కాల్షియం తీసేయడమే, రోజులో వాడికున్న ఒక్క సుఖాన్ని తీసేయడమే. పాలు పడక విరేచనాలయ్యే పిల్లలు ఉంటారు. వాళ్లకు మానిపించడం కడుపుకు చేసే వైద్యం. దానివల్ల చిరాకు తగ్గితే సంతోషం. అది ఆటిజానికి మందు మాత్రం కాదు.

మాట రాని పెద్దపిల్లల ఇళ్లను ఎక్కువగా లాగేది ఇంకొకటుంది. పక్కన ఒకరు చెయ్యి పట్టుకునో, అక్షరాల పలక పట్టుకునో పిల్లవాడిచేత టైపు చేయిస్తారు. ఇన్నేళ్లూ లోపల దాగిన మాటలు బయటకు వచ్చాయంటారు. అంతకంటే పెద్ద ఆశ ఏ తల్లికీ ఉండదు. 1990లలో ఈ పద్ధతి అమెరికా అంతా వ్యాపించింది. న్యూయార్క్ రాష్ట్రంలో జరిపి 1993లో ప్రచురించిన ఒక పరీక్షలో ఆటిజం ఉన్న 12 మందికి ఒక బొమ్మ, పక్కన చెయ్యి పట్టుకున్నవారికి వేరే బొమ్మ చూపించారు. టైపయిన జవాబుల్లో ఒక్కటి కూడా ఆటిజం ఉన్నవారు చూసిన బొమ్మ కాలేదు. చెయ్యి పట్టుకున్నవారు తమకు తెలియకుండానే తామే రాస్తున్నారు. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దీన్ని తిరస్కరించింది. మన దేశం నుంచి వెళ్లిన సోమా ముఖోపాధ్యాయ తన కొడుకు కోసం మొదలుపెట్టిన ర్యాపిడ్ ప్రాంప్టింగ్ పద్ధతి గురించి 2018లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం అదే జాగ్రత్త చెప్పింది. ఇక్కడ నన్ను ఎక్కువ బాధపెట్టేది డబ్బు నష్టం కాదు. పిల్లవాడి పేరుతో ఇంకొకరు మాట్లాడుతుంటే, అతను నిజంగా చెబుతున్న చిన్న చిన్న సంగతులు ఎవరూ వినరు. గిన్నె వైపు చూపు, తలుపు దగ్గరికి లాగడం, చెవులు మూసుకోవడం, ఇవన్నీ మాటలే. బొమ్మల కార్డులతోనో, ట్యాబ్‌లో తానే నొక్కే బొమ్మలతోనో ఆ మాటలను పెంచవచ్చు. పదిహేనేళ్లకైనా మొదలుపెట్టవచ్చు.

ఇక్కడే నా ముఖ్యమైన మాటకు వస్తాను. మూడేళ్ల పసివాడిని ఒడిలో పట్టుకుని మందు పోస్తాం. పదిహేనేళ్లవాడిని నలుగురు పట్టుకుని సూది వేయించాలంటే, అది వైద్యమైనా బలవంతమే. వద్దని నోటితో అనలేనివాడు చెయ్యి లాక్కుని అంటాడు, కారు దిగనని అంటాడు, ఆ ఆసుపత్రి బోర్డు చూడగానే అరిచి అంటాడు. ఆ వద్దుకు మనం ఎంత విలువ ఇస్తే, రేపు బయట ఎవరైనా చెడ్డగా ముట్టుకున్నప్పుడు వద్దనడానికి అతనికి అంత ధైర్యం వస్తుంది. తప్పనిసరి వైద్యాలు ఉంటాయి, పన్ను పీకించాలి, మూర్ఛకు రక్తపరీక్ష చేయించాలి. వాటికి బొమ్మలతో ముందే చెప్పి, మెల్లగా అలవాటు చేసి తీసుకెళ్లాలి. కానీ రుజువు లేని వైద్యం కోసం అతని ఒంటిని, అతని నమ్మకాన్ని ఖర్చుపెట్టే హక్కు మనకెక్కడిది?

మరి ఏం చేయాలి అంటారు. చాలా చేయవచ్చు. పెద్దపిల్లవాడి ప్రవర్తన హఠాత్తుగా చెడితే ముందు నొప్పి వెతకండి. పిప్పి పన్ను, మలబద్ధకం, చెవిపోటు, కడుపులో మంట, చెప్పుకోలేని పిల్లల్లో ఇవన్నీ తల బాదుకోవడంగా, కొట్టడంగా బయటపడతాయి. మూర్ఛ గురించి అడగండి. ఆటిజంలో అది కౌమారంలో తొలిసారి కనబడటం కొత్త కాదు. నిద్రకు మెలటోనిన్ ఉపయోగపడుతుందని మంచి పరీక్షలున్నాయి. తీవ్రమైన కోపానికి, తనను తాను గాయపరచుకోవడానికి రిస్పెరిడోన్‌ను 2006లో, అరిపిప్రజోల్‌ను 2009లో ఎఫ్‌డీఏ ఆమోదించింది. అవి ఆటిజాన్ని తగ్గించే మందులు కావు. బరువు పెంచుతాయి, నిఘా కావాలి. అల్లోపతి మందు కాబట్టి ప్రశ్నలు అడగక్కర్లేదని నేను అనను. పసరును ఏ ప్రశ్నలు అడుగుతామో దీన్నీ అవే అడగాలి.

కొత్తది ఏదైనా ప్రయత్నించాలనే నిర్ణయానికి వస్తే, మాస్టారి కాగితాన్ని నోటుబుక్కుగా మార్చండి. మారాలనుకునే ఒకటి రెండు విషయాలు రాయండి. మొదలుపెట్టక ముందే కొన్ని వారాలు రోజూ లెక్క వేయండి: ఎన్నిసార్లు లేచాడు, ఎన్నిసార్లు కొట్టాడు. ఒకే మడిలో ఒకే వారం రెండు ఎరువులు, ఒక పురుగుమందు వేసిన రైతు, పైరు దేనివల్ల పచ్చబడిందో చెప్పలేడు. అందుకే ఒకసారి ఒకటే మార్చండి. కొత్తది మొదలుపెట్టిన సంగతి తెలియని బడి టీచరును కూడా గమనించమనండి. ఏ తేదీన ఆపాలో ముందే రాసుకోండి. అమ్మేవాడిని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి మీద పరీక్షించారు, ఏం హాని జరగవచ్చు, పనిచేయకపోతే ఎప్పుడు ఆపుతారు? "ఇంకో కోర్సు కావాలి" తప్ప వేరే జవాబు లేనివాడి దగ్గర మీ డబ్బు పెట్టకండి.

నా తోటి డాక్టర్లకు ఒక మనవి. మన దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఇంకోచోట తీసుకుంటున్న మందు సంగతి చెప్పరు. చెబితే కేకలేస్తామని. ఆ భయం వల్లే మూర్ఛ మాత్ర మీద తెలియని పొడి పడుతుంది. కోప్పడకుండా అడగండి, ఆ సీసా తెమ్మనండి, కలిసి చదవండి. రెండు నిమిషాల్లో "దీనికి వైద్యం లేదు" అని పంపేస్తే, గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడేవాడి దగ్గరికి వాళ్లు వెళతారు.

చివరగా ఒక జీవితం. 1943లో లియో కానర్ ఆటిజం గురించి రాసిన తొలి వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు. మొదటివాడు మిసిసిపీ రాష్ట్రం ఫారెస్ట్ పట్టణానికి చెందిన డోనల్డ్ ట్రిప్లెట్. అతన్ని కొన్నేళ్లు ఊరికి దూరంగా ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాళ్లు అతని పిచ్చిని మాన్పించాలని చూడలేదు. కొలతల మీద ఇష్టమైతే బావి తవ్వి ఎంత లోతయిందో చెప్పమన్నారు. లెక్కపెట్టడం ఇష్టమైతే మొక్కజొన్న సాళ్లు లెక్కపెడుతూ దున్నమన్నారు. తర్వాత అతను చదువుకున్నాడు, బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆటిజం అతనితోనే ఉంది. 1971లో కానర్ ఆ పదకొండు మంది ఏమయ్యారో మళ్లీ చూశాడు. పెద్ద పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వదిలేసినవాళ్లు తమకున్న చురుకుదనాన్ని కూడా కోల్పోయారని రాశాడు. డోనల్డ్ కుటుంబానికి డబ్బుంది, ఊళ్లో మాట చెల్లుబాటుంది, అది నిజమే. అందుకే ఆ భాగ్యం డబ్బున్నవాళ్లకే మిగలకూడదని నేనంటాను.

మనకు అందుకు తగిన ఆధారాలు కొన్ని ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నాం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పద్దెనిమిదేళ్లు నిండాక, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుల్ని నియమించుకోవచ్చు. నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చులూ కొంతవరకు వస్తాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్ తీసుకోండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడగండి. స్టెమ్ సెల్ ప్యాకేజీకి అమ్మబోయే అరెకరం పొలాన్ని, పెద్దవాడయ్యాక ఆ బిడ్డ పేరున ఉండేలా కాపాడండి.

కానీ సర్టిఫికెట్లతో పూట గడవదు. ప్రతి జిల్లాలో పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఒక చోటు కావాలి. అక్కడ వంట, తోటపని, ప్యాకింగ్, కంప్యూటరు, ఏది నచ్చితే అది నేర్పేవాళ్లు కావాలి. మాస్టారి పేరిట ఏటా ఉపన్యాసం జరిపే మనం, ఆయన పేరిట అలాంటి కేంద్రం ఒకటి తెరవాలని ఈ సభ తీర్మానం చేయాలని కోరుతున్నాను. పిల్లవాడికి వెళ్లడానికి ఒక చోటు, చేయడానికి ఒక పని ఉంటే, తల్లిదండ్రులు నిస్పృహతో కొనే వైద్యాలు సగం వాటంతటవే తగ్గుతాయి. మిగతా సగాన్ని వాళ్లు తీరిగ్గా, బిడ్డ ముఖం చూసి, వాడి అవునుకూ కాదుకూ విలువిచ్చి తూచుకోగలుగుతారు.